తువ్వాలు ముడి పడక ముందు, పడిన తర్వాత: అరెస్టులో పోలీసు బలప్రయోగం ఎంతవరకు?

కావలి దగ్గరి తీరగ్రామం నుంచి మీరు రాసిన దాన్ని నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను; పొరపాటు ఉంటే సరిదిద్దండి. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు పోతున్నాయన్న ఫిర్యాదు మీద మీ ఊరి యువకుణ్ణి పట్టుకోవడానికి ఒక ఎస్‌ఐ, ముగ్గురు కానిస్టేబుళ్ళు వచ్చారు. అతడు ఒక కానిస్టేబుల్‌ను కాలవలోకి తోసి పరుగెత్తాడు. వాళ్ళు వెంబడించి పడగొట్టి, అతడి తువ్వాలుతోనే చేతులు వెనక్కి కట్టారు. ఆ తర్వాత నేలమీద కూర్చోబెట్టి తొడల మీద, పిక్కల మీద లాఠీతో ఐదారు దెబ్బలు వేశారు. మరునాడు రిమాండ్ చేయించి సబ్‌జైలుకు పంపారు. ఇదంతా మీ ఫోనులో రెండు నిమిషాల వీడియోగా ఉంది. మోటార్లు పోగొట్టుకున్న రైతులు అందులో మొదటి సగాన్ని పంచుకుని పోలీసులను మెచ్చుకుంటున్నారు. ఆ యువకుడి వీధివాళ్ళు రెండో సగాన్ని పంచుకుని దౌర్జన్యమంటున్నారు. చట్టం ఎవరి పక్షాన ఉంది, వీడియో తీసిన మీరు ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల కోర్టుల్లో ఇరవై ఏళ్ళకు పైగా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా, అంటే పోలీసులు పెట్టిన కేసులను ప్రభుత్వం తరఫున నడిపే వకీలుగా పనిచేసి రిటైరయ్యాను. పోలీసులతో కలిసి టీ తాగినవాణ్ణి, వాళ్ళ కష్టం తెలిసినవాణ్ణి. ఆ సంగతి తెలిసే నా మాటను తూకం వేసుకోండి.

మీ వీడియోలో చట్టం చూసే గీత చాలా స్పష్టంగా ఉంది. తువ్వాలు ముడి పడిన క్షణమే ఆ గీత. అంతకు ముందు జరిగిన పెనుగులాట, పడగొట్టడం, మోకాలితో అదిమి పట్టడం దాదాపు అంతా చట్టం ఇచ్చిన అధికారం లోపలిదే. ఆ తర్వాత పడిన ఒక్క దెబ్బకు కూడా చట్టంలో చోటు లేదు. రెండు వర్గాలూ వీడియోను సరిగ్గా అక్కడే రెండుగా కోసుకోవడం చూస్తే, పైకి ఏమన్నా ఆ గీత ఎక్కడుందో అందరికీ లోపల తెలుసనే నాకు అనిపిస్తుంది.

అరెస్టు, విచారణ పద్ధతులను చెప్పే చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత; ఉత్త ‘సంహిత’ అన్నచోటల్లా దీన్నే అంటున్నాను. అందులో 43వ సెక్షన్ అరెస్టు ఎలా చేయాలో చెబుతుంది. పాత సీఆర్‌పీసీలో ఇది 46వ సెక్షన్. స్టేషన్లలో ఇప్పటికీ పాత నంబర్లే ఎక్కువగా నోటికి వస్తాయి. మాటతోగాని చేతతోగాని మనిషి లొంగిపోతే సరే, లేకుంటే అతణ్ణి పట్టుకోవచ్చు. బలంగా ఎదిరించినా, తప్పించుకోబోయినా అరెస్టుకు అవసరమైన అన్ని మార్గాలనూ వాడవచ్చు. మీ బావమరిది ‘అన్ని మార్గాలు’ అన్న మాటను పట్టుకుని వాదిస్తున్నారని రాశారు. దాని ముందున్న ‘అవసరమైన’ అన్న మాటను, ‘అరెస్టుకు’ అన్న మాటను ఆయన వదిలేస్తున్నారు. చేతులు కట్టి నేలమీద కూర్చోబెట్టిన మనిషి విషయంలో అరెస్టు అన్న పని పూర్తయిపోయింది, కనుక దానికి ఇక ఏ మార్గమూ అవసరం లేదు. అదే సంహితలో 46వ సెక్షన్, తప్పించుకోకుండా ఉండటానికి ఎంత కావాలో అంతకు మించి నిర్బంధించకూడదని విడిగా చెబుతుంది.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే విషయం ఒకటుంది. బలాన్ని కొలిచేది నేరంతో కాదు, ప్రతిఘటనతో. ఎదురు తిరగకుండా చేతులు చాచిన హంతకుడి మీద చేయి వేయనక్కరలేదు. కత్తి తీసిన జేబుదొంగ మీద ఎక్కువ బలం వాడవలసి రావచ్చు. ‘వాడెలాంటివాడో మీకు తెలియదు’ అని రైతులు అంటున్నది నిజమే కావచ్చు, ఆ మోటార్లు అతడే తీసి ఉండవచ్చు, కానీ ఆ వాదన వినవలసినది కేసు విచారణలో. అలాగే ‘పాపం, కష్టపడి బతికే కుర్రాడు’ అన్న వీధివాళ్ళ మాట కూడా బలప్రయోగం ప్రశ్నకు జవాబు కాదు. అతడు కానిస్టేబుల్‌ను తోయడం విడిగా ఒక నేరం. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకునేందుకు బలం వాడితే నేరాలను, శిక్షలను చెప్పే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 353, వర్తిస్తుంది. అతడి మీద ఆ సెక్షన్ కూడా పెట్టారని రాశారు. మొదటి సగం వీడియో చూస్తే అందులో నాకు తప్పు కనిపించదు. అరెస్టే అన్యాయమని నమ్మినా, అధికారి సద్భావంతో తన హోదాలో చేస్తున్న పనిలో ప్రాణభయంగాని తీవ్రగాయమవుతుందన్న భయంగాని లేనప్పుడు, ఆత్మరక్షణ పేరుతో తిరగబడే హక్కు చట్టం ఇవ్వలేదు. అయితే తోసినందుకు పడవలసిన శిక్షను కోర్టు వేస్తుంది. లాఠీ దెబ్బలు ఆ శిక్షలో ముందస్తు వాయిదా కావు.

అసలు అరెస్టే అవసరమా అన్నది మరో ప్రశ్న, దాన్ని మీరు అడగలేదు కానీ అడగవలసింది. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని, అవసరం లేనప్పుడు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలని అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. పాత సీఆర్‌పీసీ నంబరుతో అందరూ 41ఏ నోటీసు అనే ఆ కాగితం ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద వస్తుంది. నోటీసుతో పోయే కేసులో జీపు వేసుకుని వెళ్ళడం వల్లే పరుగూ, తోపులాటా, లాఠీ వచ్చిన సందర్భాలు నేను చాలా చూశాను.

చేతికి బేడీలు వేయవచ్చా అని కూడా అడిగారు. ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు నాటి నుంచి బేడీలు మామూలు పద్ధతి కాదు, కారణం రాసి వేయవలసిన మినహాయింపు. కొత్త సంహిత ఈ వెసులుబాటును కొంత పెంచింది: పదే పదే నేరం చేసేవారికి, కస్టడీ నుంచి తప్పించుకున్నవారికి, హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాలు, ఉగ్రవాదం వంటి నేరాల్లో వేయవచ్చంది. మొదటిసారి దొంగతనం కేసు ఆ జాబితాలో లేదు. ఆసుపత్రి మంచానికి గొలుసుతో కట్టేయడాన్ని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. పరుగెత్తిన మనిషిని తువ్వాలుతో కట్టడం వరకు మాత్రం, నిజం చెప్పాలంటే, ఏ మెజిస్ట్రేటూ పట్టించుకోరు.

ప్రాణం తీసే బలం గురించి ఒక్క మాట, ఎందుకంటే మీ ఊరి చర్చ ఎన్‌కౌంటర్ల దాకా వెళ్ళిందట. మరణశిక్షగాని యావజ్జీవంగాని పడే నేరంలో నిందితుడు కానివాడిని అరెస్టు చేసే క్రమంలో చంపే హక్కు పోలీసులకు లేదని అదే 43వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. 2015 ఏప్రిల్ 7న చిత్తూరు జిల్లా శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ జరిపిన కాల్పుల్లో ఇరవై మంది చనిపోయినప్పుడు వాదమంతా ఇక్కడే నడిచింది. ఎర్రచందనం నరికినందుకు యావజ్జీవం లేదు కాబట్టి, పట్టుకోవడానికి కాల్చామని పోలీసులు అనలేరు. గొడ్డళ్ళతో, రాళ్ళతో దాడి చేశారు, ప్రాణరక్షణకు కాల్చామని మాత్రమే అనగలరు, అదే అన్నారు. వెలిగొండల పక్కన పనిచేసిన పోలీసులను, అటవీ సిబ్బందిని రాళ్ళు తగిలి తలలు పగిలిన స్థితిలో నేను చూశాను కనుక అలాంటి దాడులు జరగవని అనను. కానీ ఆ మాటను రుజువు చేసే బరువు కాల్చినవాడి మీదే ఉంటుంది.

ఇప్పుడు మీ కేసులో అసలు తేల్చేది ఏమిటో చెబుతాను. వీడియో కంటే ముందు శరీరం. ఆసుపత్రిలో డాక్టరు రాసే గాయాల ధ్రువపత్రాన్ని మేమంతా ఊండ్ సర్టిఫికేట్ అంటాం. పరుగెత్తుతూ బోర్లాపడినవాడికి దోక్కుపోయిన గాయాలు మోకాళ్ళకు, మోచేతులకు, అరచేతులకు, గడ్డానికి ఉంటాయి. లాఠీ దెబ్బ అలా ఉండదు. గుండ్రటి కర్ర మెత్తటి కండ మీద గట్టిగా పడితే నడుమ పాలిపోయి రెండు పక్కలా రైలు పట్టాల్లాగా రెండు ఎర్రటి గీతలు తేలతాయి. తొడల వెనక, పిక్కల మీద అలాంటి జోడు గీతలున్న మనిషి బోర్లాపడ్డాడంటే ఏ ఫోరెన్సిక్ డాక్టరూ ఒప్పుకోడు. కమిలిన గాయానికి వయసు కూడా ఉంటుంది: మొదట ఎరుపు, తర్వాత మూడు రోజుల దాకా నీలం, నాలుగో రోజుకు గోధుమ నలుపు, ఐదారు రోజులకు ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు, రెండు వారాలకు మాసిపోతుంది. మనిషిని బట్టి, చర్మం రంగును బట్టి తేడాలుంటాయి కానీ వరస ఇదే. అరెస్టు అయిన వెంటనే వైద్యపరీక్ష చేయించాలని, ఒంటిమీద గాయాలుంటే అవి ఇంచుమించు ఎప్పుడు తగిలినవో డాక్టరు రాయాలని, నివేదిక నకలు అరెస్టయిన మనిషికిగాని అతడు చెప్పినవారికిగాని ఇవ్వాలని సంహిత 53వ సెక్షన్ చెబుతుంది. ఆ ‘ఎప్పుడు’ అన్న ఒక్క గడి కాగితం మీద నిజాయితీగా నింపితే మీ ఊళ్ళో వాదనలో సగం ఆగిపోయేది.

నింపరు. క్యాజువాలిటీలో రద్దీ ఉంటుంది, పక్కనే ఎస్కార్టు కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు, ‘ఎలా తగిలింది’ అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు చెప్పేది అతడే. తరువాతి అంకం మెజిస్ట్రేటు ముందు. ఇక్కడ నా తప్పు నేనే చెప్పుకోవాలి. రిమాండ్ రిపోర్టులో ‘ముద్దాయి తప్పించుకుని పారిపోవు ప్రయత్నంలో కిందపడగా స్వల్ప గాయములైనవి’ అన్న వాక్యాన్ని నా ఉద్యోగ జీవితంలో ఎన్ని వందల సార్లు చూశానో లెక్కలేదు. ‘పోలీసులు కొట్టారా’ అని మెజిస్ట్రేటు అడుగుతారు. ముద్దాయి ఒకసారి తన వెనక నిలబడ్డ మనిషి వైపు చూసి లేదంటాడు. కొట్టలేదని రికార్డు చేస్తారు. మళ్ళీ తనను తీసుకువెళ్ళేది ఆ కానిస్టేబులే అన్న ఎరుకతో ఇచ్చిన జవాబు అది. ఒకసారి ఒక కుర్రవాడు లేదన్నాక తిరిగి నడవలేక గోడ పట్టుకున్నాడు. అది నేను చూశాను, మెజిస్ట్రేటు దృష్టికి తీసుకురాలేదు. కేసు దొంగతనం, నేను ప్రభుత్వ వకీలును, ఆరోజు ఇంకా పదకొండు కేసులున్నాయి. ఆ రెండు సెకన్లు నాకిప్పటికీ గుర్తున్నాయి.

కాస్త నిక్కచ్చిగా ఉండేది జైలు సిబ్బంది. గాయం ఉన్న ఖైదీని డాక్టరు కాగితం లేకుండా లోపలికి తీసుకోవడానికి వాళ్ళు ఒప్పుకోరు, తర్వాత అది తమ మీదికి వస్తుందన్న భయంతో. వాళ్ళ అడ్మిషన్ రిజిస్టరులో ఒంటిమీద గుర్తులు రాస్తారు. స్టేషన్ కాగితం ఒకటి, జైలు కాగితం మరొకటి చెప్పినప్పుడు చాలా కేసుల్లో నిజం జైలు కాగితంలోనే దొరికింది.

మీ ఊరి వివాదం కొత్తదేమీ కాదు. 2020 జూలైలో, చీరాల ఇంకా ప్రకాశం జిల్లాలో ఉన్న రోజుల్లో, మాస్కు లేదని పోలీసులు ఆపిన ఇద్దరు యువకుల్లో ఒకరు తలకు గాయమై గుంటూరు ఆసుపత్రిలో చనిపోయారు. లాఠీతో కొట్టారని కుటుంబం, జీపులోంచి దూకాడని పోలీసులు. జీపు ఎక్కించిన తర్వాత ఏం జరిగింది అన్న దాని మీదే మాటామాటా నడిచింది. అంటే మళ్ళీ అదుపులోకి వచ్చాక జరిగిన సంగతే. 2025 మే చివర్లో తెనాలిలో ముగ్గురు యువకులను నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ళ మీద కొడుతున్న వీడియో బయటికి వచ్చినప్పుడు దాన్ని మెచ్చుకున్నవాళ్ళు కూడా తక్కువేమీ కాదు. వాళ్ళు అంతకుముందు కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది సమర్థించినవారి ప్రధాన వాదన. మీ ఊరి రైతుల వాదనా అదే. నిజమే అయినా దాడి రోజున వాడవలసిన బలాన్ని మరో రోజుకు దాచుకుని వాడే ఏర్పాటు చట్టంలో లేదు.

లాఠీ గురించి ఇంకో గందరగోళం ఉంది. లాఠీ కవాతులో నేర్పేది గుంపును చెదరగొట్టడం. చట్టవిరుద్ధంగా గుమిగూడినవారిని వెళ్ళిపొమ్మని చెప్పి, వినకపోతే బలంతో పంపే అధికారం వేరు, దాని సెక్షన్లు వేరు. అందులోనూ తలమీద కొట్టకూడదనే నేర్పుతారు. ఒక్క మనిషిని అరెస్టు చేసేటప్పుడు కర్ర ఆయుధంగా పనికివచ్చేది అతడి చేతిలోనూ ఏదో ఉన్నప్పుడే.

పోలీసుల పక్షాన చెప్పవలసింది చెప్పకపోతే ఈ జవాబు ఒంటికన్నుది అవుతుంది. రాత్రి గస్తీలో ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒక మోటారు సైకిలు మీద, చేతిలో కర్ర, టార్చిలైటు తప్ప మరేమీ లేకుండా తిరుగుతారు. మనిషిని గాయం కాకుండా ఎలా పడగొట్టాలి, చేతులు ఎలా బంధించాలి అన్న శిక్షణ ఉద్యోగంలో చేరిన కొత్తలో తప్ప మళ్ళీ అందదు. కాలవలో పడి లేచిన కానిస్టేబుల్‌కు వచ్చిన కోపం మనిషికి వచ్చే కోపమే. ఒక హెడ్ కానిస్టేబుల్ నాతో ఎప్పుడో అన్నాడు: ‘సార్, మీ కోర్టులో వాడి కేసు తేలేలోపల వాడికి పిల్లలు పుట్టి బడికి పోతుంటారు. మేం ఆ రెండు తగిలించకపోతే ఊరోళ్ళు మా మొహాన ఉమ్మేస్తారు.’ రైతుల మెప్పు వెనక ఉన్నది కూడా కోర్టుల జాప్యం మీద కోపమే అని నేను అనుకుంటాను, అందులో నా వృత్తికి వాటా ఉంది. కానీ లాఠీ దెబ్బలతో ఒక్క మోటారు తిరిగి రాలేదన్నది మీరే రాశారు. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. దాన్ని రాబట్టడానికి కొడితే న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద అదే నేరం, ఏడేళ్ళ దాకా శిక్ష. దెబ్బలు కనబడ్డ కేసులో మంచి రికవరీని, అంటే పోయిన సొత్తు నిజంగా దొరకడాన్ని కూడా డిఫెన్సు వకీలు అనుమానాస్పదం చేస్తాడు. నేను ఓడిపోయిన కేసుల్లో అలాంటివి ఉన్నాయి.

మీరు చేయవలసిన దానికి వస్తాను. మొదట ఆ యువకుడి ఇంటివాళ్ళకు చెప్పండి, అరెస్టు మెమో నకలు అడగమని. కుటుంబ సభ్యుడిగాని స్థానికంగా గౌరవనీయుడైన వ్యక్తిగాని సాక్షిగా సంతకం చేసిన, సమయం రాసిన కాగితం అది. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు పదకొండు నియమాలు పెట్టినప్పటి నుంచి తప్పనిసరి, ఇప్పుడు సంహితలోనే ఉంది. అందులోని సమయాన్ని మీ వీడియో ఫైలు సమయంతో పోల్చండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే మండల న్యాయసేవా కమిటీకి వెళ్ళమనండి, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ వకీలు రిమాండ్ ఇచ్చిన మెజిస్ట్రేటు ముందే మళ్ళీ వైద్యపరీక్షకు పిటిషన్ వేయాలి. ఇది ఈ వారంలోనే జరగాలి. మీ లెక్క ప్రకారం ఆ దెబ్బలకు ఇప్పటికి ఐదు రోజులు.

స్టేషన్‌కు తీసుకువెళ్ళాక కూడా కొట్టారన్న అనుమానం ఉంటే సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని అదే పిటిషన్‌లో అడగాలి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో శబ్దంతో సహా రికార్డు చేసే కెమెరాలు ఉండాలని, ఆ దృశ్యాలను పద్దెనిమిది నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని ఆదేశించింది. ఆదేశం ఉంది కదా అని ఊరుకోకండి. అదే ఏడాది జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళం స్టేషన్‌లో తండ్రీకొడుకులను కొట్టిన కేసులో, జాగా ఉన్నా ఏ రోజుకారోజు దృశ్యాలు చెరిగిపోయేలా అమర్చి ఉందని విచారణకు వెళ్ళిన మెజిస్ట్రేటు గుర్తించారు.

సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం తేలిక, దాంతో శాఖాపరమైన విచారణ మొదలుకావచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు సంఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. రాష్ట్ర కమిషన్ కర్నూలులో ఉంది, మీకు దూరమే కానీ రాతపూర్వక ఫిర్యాదు చాలు. మెజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయడం అన్నిటికంటే బరువైన దారి. కొత్త సంహిత 223వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదును స్వీకరించే ముందు అతడి వాదన వినాలి, పైఅధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి. నెలలు పడుతుంది. కుటుంబం నిలబడగలదా అని అడిగి గాని ఆ దారి చూపకండి, ఎందుకంటే ఆ స్టేషన్ పరిధిలోనే వాళ్ళు బతకాలి.

చివరిది మీ ఫోను. బహిరంగ స్థలంలో జరిగినదాన్ని దూరంగా నిలబడి, పనికి అడ్డుపడకుండా తీయడం నేరం కాదు, కాబట్టి భయపడి చెరిపేయకండి. వాట్సాప్‌లో తిరుగుతున్న ముక్కలు సాక్ష్యంగా దాదాపు పనికిరావు. కోర్టుకు కావలసింది కోత లేని మూల ఫైలు, దానితోపాటు కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం, అందులో ఆ ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య. పేరు మార్చకుండా, ఎడిట్ చేయకుండా ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఫోను మార్చే ఆలోచన ఉంటే వాయిదా వేసుకోండి. కోర్టులోగాని కమిషన్‌లోగాని ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలూ ఇవ్వండి, కాలవలోకి తోసిన భాగంతో సహా. ఆ భాగం కోసి ఇస్తే మీరు తర్వాత బోనులో నిలబడినప్పుడు నాలాంటివాడు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుంది.